చేతి జీపీఎస్‌తో అడవి దారి

చైత్ర పౌర్ణమి వస్తుందంటే నల్లమలలో సలేశ్వరం దారి తెరుచుకుంటుంది. నాగర్‌కర్నూల్ జిల్లా అడవిలో, లోతైన లోయ అడుగున, జలపాతం పక్కన గుహలో లింగమయ్య కొలువు. ఏడాదికి ఆ కొద్ది రోజులే అటవీశాఖవారు జనాన్ని పోనిస్తారు. ఈమధ్య ఆ జనంలో కొందరి చేతుల్లో జీపీఎస్ పరికరాలు కూడా కనిపిస్తున్నాయి. బండి ఆపిన చోట ఆ పరికరం బాగానే పనిచేస్తుంది. మీరున్న చోటు మూడు నాలుగు మీటర్ల తేడాతో చూపిస్తున్నానని తెర మీద రాస్తుంది కూడా. లోయలోకి దిగుతున్నకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. అడుగున బండల మధ్య కదలకుండా నిలబడినా, తెర మీద మన గుర్తు మాత్రం అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. "మిషన్ పాడైంది" అంటారు చూసినవాళ్లు.

పాడవలేదు. చేతి జీపీఎస్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా భాగం పరికరంలోని లోపాలు కావని చెప్పడానికే ఈ ప్రసంగం. దానికి తెలిసింది ఒక్కటే, తానెక్కడ ఉన్నదీ. మనం దాన్ని దారి అడుగుతాం, ఎత్తు అడుగుతాం, దిక్కు అడుగుతాం, పొలం గట్టు ఎక్కడిదో కూడా అడుగుతాం. ఎవరో పెట్టి వదిలేసిన సెట్టింగుల్లోనే అడుగుతాం. అది జవాబు చెబుతుంది. ఆ జవాబు మన ప్రశ్నకేనా అన్నది మనమే చూసుకోవాలి.

అసలది ఏం చేస్తుందో ముందు చూద్దాం. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, రోజుకు రెండుసార్లు భూమిని చుట్టివస్తుంటాయి. అమెరికా రక్షణశాఖ పెట్టిన ఈ వ్యవస్థ 1995 నాటికి పూర్తిగా పనిలోకి వచ్చింది. ప్రతి ఉపగ్రహంలోనూ అణు గడియారాలు ఉంటాయి. తానెవరో, ఎక్కడుందో, టైమెంతో ఆ ఉపగ్రహం నిరంతరం ప్రసారం చేస్తుంటుంది. మెరుపు కనిపించాక ఉరుము వినబడేదాకా లెక్కపెట్టి, పిడుగు ఎంత దూరాన పడిందో ఊళ్లలో పెద్దవాళ్లు అంచనా వేస్తారు. మీ చేతిలోని పరికరం చేసేదీ దాదాపు ఆ లెక్కే. కాకపోతే ఇక్కడ సంకేతం కాంతి వేగంతో వస్తుంది కనుక, సెకనులో పది లక్షల వంతు తప్పినా 300 మీటర్ల తేడా వస్తుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే చోటు తెలియాలి. కానీ చేతి పరికరంలో ఉండేది చవక గడియారం. దాని తప్పు దిద్దుకోవడానికి నాలుగో ఉపగ్రహం కావాలి. అందుకని కనీసం నాలుగు కనిపించాలి.

ఇందులో ఇంకో సంగతి ఉంది. మీ పరికరం ఎవరికీ ఏమీ పంపడం లేదు. అదీ ఒక రేడియోనే, వింటుంది, అంతే. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో దీంతో పని పడుతుంది.

2000 సంవత్సరం మే 1 దాకా అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే సంకేతాన్ని కావాలనే కొంత చెడగొట్టేది. అప్పట్లో తప్పు వంద మీటర్ల దాకా వచ్చేది. ఆ రాత్రి ఆ పని మానేశారు. ఇవాళ బయలు ప్రదేశంలో చేతి పరికరం పది మీటర్ల లోపు చూపించగలుగుతోందంటే మొదటి కారణం అది.

మళ్లీ లోయలోకి వద్దాం. నిట్టనిలువు బండలు ఆకాశంలో చాలా భాగాన్ని మూసేస్తాయి. కనిపించే నాలుగైదు ఉపగ్రహాలూ నడినెత్తిన గుంపుగా ఉంటాయి. నలుదిక్కులా పరుచుకుని ఉంటేనే లెక్క గట్టిగా కుదురుతుంది. పైగా కొన్ని సంకేతాలు నేరుగా రాకుండా బండకు తగిలి, చుట్టు తిరిగి వస్తాయి. ఆలస్యంగా వచ్చాయి కాబట్టి ఉపగ్రహం ఇంకా దూరాన ఉందని పరికరం అనుకుంటుంది. పాపికొండల దగ్గర గోదావరి మీద పడవలో వెళుతూ ట్రాక్ రికార్డు చేస్తే, అక్కడక్కడ గీత నీళ్లలోంచి ఒడ్డుకు పాకి కొండ మీద నడిచినట్టు రావచ్చు. కారణం ఇదే. దీనికి మందు లేదు. అక్కడ నిలబడి బటన్లు నొక్కుతూ కూర్చోవడం దండగ. ఆకాశం తెరుచుకునే చోటికి వచ్చాక రీడింగ్ తీయాలి. లోయలోకి దిగకముందే, దిగే చోట ఒక పాయింటు కొట్టి పెట్టుకోవాలి.

ఉపగ్రహాల పేజీ అని ఒకటుంటుంది, చాలామంది దాన్ని తెరవనే తెరవరు. ఏ దిక్కున ఎన్ని ఉన్నాయో, ఎంత బలంగా వినబడుతున్నాయో అందులో తెలుస్తుంది. పక్కనే ఎన్ని మీటర్ల తేడా అన్న అంకె కూడా ఉంటుంది. అది పరికరం తనకు తాను వేసుకున్న అంచనా, హామీ కాదు. అసలు తప్పు అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. అంకె పెరుగుతుంటే ముందు మీరు పట్టుకున్న తీరు చూసుకోండి. పైకి పొట్టి కొమ్ములా యాంటెన్నా ఉన్నది నిలువుగా పట్టుకోవాలి. కొమ్ము లేనిది తెర ఆకాశం వైపు ఉండేలా పట్టుకోవాలి. ప్యాంటు జేబులో పెట్టుకుని అది సరిగా చూపించలేదంటే దాని తప్పేం లేదు. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే, ఈ సంకేతాలు నీటిని దాటి రాలేవు. సంచీ భుజం పట్టీకి, పైన తగిలించుకోండి.

దక్షిణాది వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నందువల్ల మన ఆకాశంలో పైపొర, అయనోస్ఫియర్, పొద్దుగూకాక కొన్ని గంటలు అల్లకల్లోలంగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లోనూ, సెప్టెంబరు, అక్టోబరుల్లోనూ ఇది ఎక్కువ. రాత్రిపూట కాసేపు సంకేతాలు మిణుకుమిణుకుమంటే కంగారుపడకండి.

ఇక ఆన్ చేయడం గురించి. చాలా రోజులు మూలన పడి ఉన్న పరికరాన్ని, లేదా అమెరికా నుంచి అల్లుడు తెచ్చి ఇచ్చిన కొత్తదాన్ని మొదటిసారి ఇక్కడ ఆన్ చేస్తే అది బిత్తరపోతుంది. ఏ ఉపగ్రహం ఎప్పుడు ఎక్కడుంటుందో చెప్పే పట్టిక మొత్తం దిగడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఒక్కో ఉపగ్రహం తన కచ్చితమైన దారి వివరాలు చెప్పడానికి అర నిమిషం. ఆ అర నిమిషంలో చెట్టు అడ్డం వస్తే మళ్లీ మొదటికి. ఫోనుకైతే ఈ సమాచారం సెల్ టవర్ నుంచి క్షణంలో అందుతుంది. అడవిలో టవర్ లేదు కనుక ఫోనూ అక్కడ తడబడుతుంది. అందుకని బండి దిగిన వెంటనే పరికరం ఆన్ చేసి, బయట పెట్టి, నీళ్ల సీసాలు నింపుకోవడం, బూట్ల తాళ్లు బిగించుకోవడం కానివ్వండి. మీరు తయారయ్యేసరికి అదీ తయారవుతుంది.

అల్లుడు తెచ్చినదాంట్లో మ్యాపు ఉత్తర అమెరికాది ఉండొచ్చు. ఇక్కడ తెర ఖాళీగా కనిపిస్తే జీపీఎస్ చెడినట్టు కాదు, మ్యాపు లేదు, అంతే. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ నుంచి తయారైన ఉచిత మ్యాపులు దొరుకుతాయి. వాటిని కంప్యూటర్ నుంచి ఎక్కించుకోవచ్చు.

ఇప్పుడు అసలు గొడవలకు మూలమైన చోటుకు వచ్చాం, అంకెలు. కాగితం దగ్గరుంటే రాసుకోండి.

లాట్ లాంగ్, అంటే అక్షాంశ రేఖాంశాలు, రాయడానికి మూడు పద్ధతులున్నాయి. డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు ఒకటి. డిగ్రీలు, దశాంశ నిమిషాలు రెండోది. ఒట్టి దశాంశ డిగ్రీలు మూడోది. చేతి పరికరాలు చాలావరకు రెండోదానిలో వస్తాయి, ఫోను మూడోదానిలో చెబుతుంది. ఒకాయన పరికరంలో 16 డిగ్రీల 30.5 నిమిషాలు అని ఉంది. ఫోనులో చెప్పాడు, "పదహారు, ముప్పై, అయిదు" అని. విన్నవాడు 16.305 అని కొట్టుకున్నాడు. కానీ డిగ్రీకి 60 నిమిషాలు. 30.5 నిమిషాలంటే సగం డిగ్రీ పైచిలుకు, అంటే అది 16.508 కావాలి. డిగ్రీ అక్షాంశం దాదాపు 111 కిలోమీటర్లు. లెక్క వేస్తే ఇద్దరి మధ్య 22 కిలోమీటర్లకు పైగా తేడా. తప్పిపోయినవాణ్ని వెతకడానికి వెళ్లినవాళ్లు ఇంకో మండలంలో తిరుగుతుంటారు. జట్టులో అందరూ బయల్దేరకముందే ఒక పద్ధతికి ఒప్పుకోవాలి. దశాంశ డిగ్రీలయితే మేలని నా అభిప్రాయం. చెప్పడం సులువు, ఫోనులో కొట్టడమూ సులువు. అయిదో దశాంశం దాకా చెబితే మీటరు దాకా చెప్పినట్టే.

రెండోది డేటమ్. ఇది కొంచెం ఓపిగ్గా వినాలి. భూమి పూర్తి గుండ్రంగా ఉండదు, ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి ఉంటుంది. ఎంత నొక్కుకుపోయింది, కేంద్రం ఎక్కడ అనే కొలతలు పెట్టుకుని, దాని మీద అక్షాంశ రేఖాంశాలు గీస్తారు. జీపీఎస్ వాడే కొలతల పేరు డబ్ల్యూజీఎస్-84. కానీ మన సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు ఆ కొలతల మీద వేసినవి కావు. 1830 నాటి ఎవరెస్ట్ కొలతల మీద, మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్ కేంద్రంగా వేసినవి. అవును, శిఖరానికి పెట్టింది ఆయన పేరే, జార్జ్ ఎవరెస్ట్. ఆ కొలతలకు మన నేలతో సంబంధం ఉంది. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన మహా సర్వేలో సహాయకుడిగా ఎవరెస్ట్ 1818లో హైదరాబాదు చేరాడు. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలకు దిగి, అడవి జ్వరంతో దాదాపు పోయినంత పనయ్యాడు. పాత టోపోషీటు మీద పాయింటు చదివి, దాన్ని డబ్ల్యూజీఎస్-84లో ఉన్న పరికరంలోకి కొట్టారనుకోండి, మన ప్రాంతంలో వంద మీటర్లకు పైనే తేడా వస్తుంది. పరికరం తన తేడా మూడు మీటర్లని చూపిస్తూనే మిమ్మల్ని వాగుకు అవతలి ఒడ్డున నిలబెడుతుంది. 2005 జాతీయ మ్యాపు విధానం తరవాత పౌరుల కోసం వేసిన ఓపెన్ సిరీస్ మ్యాపులు డబ్ల్యూజీఎస్-84లోనే ఉన్నాయి, వాటితో ఈ బాధ లేదు. మీ దగ్గరున్న షీటు ఏదో దాని అంచున చదవండి. పరికరంలో డేటమ్ ఏముందో సెట్టింగుల్లో చూడండి. ఇంతకుముందు వాడినవాళ్లు మార్చి వదిలేసి ఉండొచ్చు.

అటవీశాఖలో, సర్వేల్లో పనిచేసేవాళ్లు యూటీఎం అంకెలు వాడతారు. వాళ్లకు ఒక్క మాట. ప్రపంచాన్ని ఆరేసి డిగ్రీల పట్టీలుగా కోసిన లెక్క అది. తెలుగు నేల చాలావరకు 44వ జోన్‌లో ఉంది. కానీ 78 డిగ్రీల రేఖాంశానికి పడమరనున్న అనంతపురం, ఆదోని, తాండూరు, జహీరాబాదు 43లోకి వస్తాయి. 84 దాటిన పలాస, సోంపేట, ఇచ్ఛాపురం 45లోకి పోతాయి. జోన్ రాయకుండా ఒట్టి అంకెలు పంపితే అందుకున్నవాడికి అవి పనికిరావు.

దిక్సూచి సంగతి త్వరగా చెప్పేస్తాను. చవక రకాల్లో అసలు దిక్సూచి ఉండదు. మీరు నడుస్తుంటేనే అవి దిక్కు చెప్పగలవు, ఆగితే బాణం తప్పుడు వైపు తిరుగుతుంది. దిక్సూచి ఉన్నవాటిని సెల్లు మార్చినప్పుడల్లా కాలిబ్రేట్ చేయాలి. తెర మీద ఎలా తిప్పమంటే అలా తిప్పాలి. అప్పుడు కారుకు, ఇనుప కంచెకు దూరంగా నిలబడండి. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా స్వల్పం, నడిచేవాడికి లెక్కలోకి రాదు.

ఎత్తు ఇంకో కథ. ఉపగ్రహాల ద్వారా వచ్చే ఎత్తు, స్థానం అంత నమ్మదగింది కాదు. ఉపగ్రహాలన్నీ మన పైనే ఉంటాయి, కాళ్ల కింద ఒక్కటీ ఉండదు మరి. అందుకే మంచి పరికరాల్లో గాలి ఒత్తిడి చూసి ఎత్తు చెప్పే ఏర్పాటు పెట్టారు. ఒత్తిడి ఒక మిల్లీబార్ తగ్గితే ఎనిమిది మీటర్ల పైచిలుకు ఎక్కామని అది లెక్కేస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడి ఒత్తిడి పది మిల్లీబార్లు తగ్గిందనుకోండి, గుడారంలో పడుకున్న మీరు తెల్లారేసరికి ఎనభై మీటర్లు పైకి వెళ్లినట్టు చూపిస్తుంది. తప్పు పట్టకండి. పైగా అది మీకు వాన కబురు ముందే చెప్పింది. ఎత్తు రాసి ఉన్న రాయి దగ్గర, స్టేషన్ బోర్డు దగ్గర ఆ అంకె కొట్టి సరిచేసుకుంటే చాలు. కొన్ని ఫోను యాప్‌లు నెల్లూరు బీచిలో నిలబడితే సముద్రమట్టానికి డెబ్భై మీటర్లకు పైగా కింద ఉన్నారని చూపిస్తాయి. శ్రీలంకకు దిగువన హిందూ మహాసముద్రంలో అసలు సముద్రమట్టమే లెక్కల దీర్ఘగోళం కన్నా వంద మీటర్లకు పైగా కిందికి ఉంది. ఆ పల్లం ప్రభావం మన తీరం దాకా పాకింది. ఆ తేడాను దిద్దని యాప్ అలా చెబుతుంది. చేతి పరికరాలు సాధారణంగా దిద్దే చూపిస్తాయి.

ఇక దారి. 'గో టు' నొక్కితే పరికరం గీసేది తిన్నని గీత. ఆ గీతలో కొండ చరియ ఉందా, కృష్ణా లోయ ఉందా, పులి పిల్లల్ని పెట్టుకున్న పొద ఉందా దానికి తెలియదు. 'రెండు కిలోమీటర్లు' అని చూపిస్తే, నల్లమలలో అది నాలుగు కిలోమీటర్ల నడకా కావచ్చు, అసలు దారే లేకపోవచ్చు. చెంచులకు తెలిసిన దారిని ఆ గీత కోసం వదలకండి. మీ వెంట చెంచు వ్యక్తి ఉంటే ఆయన వెనకే నడవండి, పరికరంతో ఆ దారిని రికార్డు చేసుకోండి. తిరిగి రావడానికి ట్రాక్‌బ్యాక్ అన్నది పెట్టుకుంటే వచ్చిన దారినే చూపిస్తుంది, అదే దానివల్ల జరిగే అతి పెద్ద ఉపకారం. టైగర్ రిజర్వులో అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదన్నది మీకు తెలిసిందే.

మొరాయించే పరికరాల గురించి చెప్పాలి. మొదట సెల్లు చూడండి. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లే ఇందులోనూ పడతాయి. గడియారంలో ఏడాది నడిచే చవక సెల్లు ఇందులో కొద్ది గంటల్లోనే చేతులెత్తేస్తాయి. ఆల్కలైన్‌వి కొనండి. ఛార్జింగ్ సెల్లయితే వాటి వోల్టేజి తక్కువ, 1.2 వోల్టులు. సెట్టింగుల్లో సెల్లు ఏ రకమో చెప్పకపోతే, నిండుగా ఉన్నవాటిని కూడా అయిపోతున్నాయని చూపిస్తుంది. ఇంట్లో పెట్టేటప్పుడు సెల్లు తీసేయండి. కారి పచ్చగా పట్టిన టెర్మినళ్ల మీద నిమ్మరసంలో ముంచిన దూది పుల్లతో రుద్ది, ఆరబెట్టండి. తెర బిగుసుకుపోతే సెల్లు తీసి, నిమిషమాగి మళ్లీ వేయండి. ఫ్యాక్టరీ రీసెట్ ఆఖరి మాట. దాంతో మీ పాయింట్లన్నీ పోతాయి కాబట్టి ముందు కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. ఇంట్లో కూర్చుంటే తెర మీద మీరు గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో పరిగెడుతుంటే డెమో మోడ్ ఆన్‌లో ఉన్నట్టే. కాలిబాటలో నడుస్తుంటే మీ గుర్తు పక్కనున్న రోడ్డు మీదికి దూకుతుంటే 'లాక్ ఆన్ రోడ్' తీసేయండి. స్థానం సరిగ్గా ఉండి తేదీ మాత్రం పంతొమ్మిదేళ్ల ఏడు నెలలు వెనక్కి పోయిందా? జీపీఎస్ వారాలను 1024 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నాకు వస్తుంది. 2019 ఏప్రిల్ 6 రాత్రి అలా వచ్చింది. పాత పరికరాలు కొన్ని ఆ లెక్కలో చిక్కుకున్నాయి. కంపెనీ అప్‌డేట్ ఇచ్చి ఉంటే వేసుకోండి, లేకపోతే తేదీ పట్టించుకోకుండా వాడుకోండి.

పొలం గట్ల గురించి అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూములు చుట్టివచ్చి కొలవడానికి ఇలాంటి పరికరాలే వాడారు. ఎవరి సాగు ఎక్కడుందో తేల్చడానికి అది సరిపోతుంది. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదాకు సరిపోదు. ఎకరం చదరంగా ఉంటే ఒక్కో వైపు 64 మీటర్లు. ఒక్క గట్టు మూడు మీటర్లు పక్కకు జరిగినట్టు వస్తే దాదాపు రెండు గుంటలు, అంటే అయిదు సెంట్లకు దగ్గర. ఆ పనికి సర్వేయర్నే పిలవండి.

చివరగా చట్టం మాట. కేవలం వినే జీపీఎస్ పెట్టుకుని తిరగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ ఇప్పుడు వస్తున్న కొన్ని చేతి పరికరాలు ఉపగ్రహానికి సందేశాలు పంపుతాయి కూడా. బయట దేశాల్లో కొండలెక్కేవాళ్లకు అది ప్రాణరక్షణ. మన దేశంలో మాత్రం టెలికాం శాఖ అనుమతి లేకుండా అలాంటిది దగ్గర పెట్టుకోవడం నేరం. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో ఒక విదేశీ యాత్రికురాలిని ఇందుకే పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. అల్లుడో, మేనల్లుడో విదేశం నుంచి పరికరం తెస్తానంటే, అది సందేశాలు పంపే రకమా అని ముందే అడగండి. ఆ రకమైతే వద్దనండి. ఒట్టిగా వినేది, పెన్సిల్ సెల్లతో నడిచేది తెమ్మనండి.